మంద కాపరిది, మేత ఊరిది

కృష్ణాజిల్లా యనగానే చాలమందికి వరిచేలు, కాలువగట్లు, కొబ్బరిచెట్లు తలపునకు వచ్చును. అది డెల్టా చిత్రము. దానికి పడమటి దెస నున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు మెట్టసీమ. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, నేల స్వభావము మారలేదు. సున్నపురాతి పలకలు, ఎఱ్ఱచెలకలు, నడుమ నడుమ నల్లరేగళ్లు, అక్కడక్కడ గుట్టలు, వాటిపై తుమ్మ, రేగు, బలుసు పొదలు - ఇదియే ఈ సీమ రూపము. ముక్త్యాల గ్రామము కృష్ణానది ఎడమగట్టున నున్నది, ఎదుటిగట్టు పల్నాడు. ఊరి చెంతనే మహానది ప్రవహించుచున్నను, నది పల్లమునను పొలము మెరకను ఉండుటచేత, తరతరములుగా ఇచటి సేద్యము ఆకాశము వంక చూచినదే. వాన తప్పిన ఏడాది కుటుంబమును నిలబెట్టినది జీవాల మంద.

గొర్రెల పెంపకమును గూర్చి మాటాడునపుడు సాధారణముగా మేలుజాతులు, టీకాలు, బ్యాంకు ఋణములు ప్రస్తావనకు వచ్చును. అవి యన్నియు అవసరమే. కాని వాటన్నిటికిని ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. మంద ఎవరి నేలపై మేయుచున్నది? మెట్టసీమ కాపరులలో పెక్కుమందికి స్వంత భూమి కొద్ది. కొందరికి లేనే లేదు. వారి ఆస్తి నాలుగు కాళ్లపై నడచును. ఆ ఆస్తికి కావలసిన తిండి మాత్రము ఇతరుల చేలలోను, ఊరి బీళ్లలోను, గుట్టలపైనను ఉన్నది. కావున గొర్రెల పెంపకము కాపరి ఒక్కని వృత్తి కాదు. అది కాపరికిని ఊరికిని నడుమ జరిగిన ఒప్పందము. ఆ ఒప్పందము నిలిచినంతకాలము మంద నిలుచును. అది ఎట్లు నడచినదో, ఎక్కడ సడలినదో, తిరిగి ఎట్లు బిగింపవచ్చునో శ్రోతలకు వివరించుట మా ఉద్దేశము.

ఈ విషయము చిన్నది కాదు. 2019 పశుగణన ప్రకారము దేశమునందలి గొర్రెలు సుమారు 7 కోట్ల 43 లక్షలు. అందు తెలంగాణములో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశములో 1 కోటి 76 లక్షలు. అనగా భారతదేశమున మేయు గొర్రెలలో దాదాపు సగము తెలుగు నేలపైననే మేయుచున్నవి. సంఖ్యలో తెలంగాణము మొదటి స్థానమున, ఆంధ్రప్రదేశము రెండవ స్థానమున ఉన్నవి. జగ్గయ్యపేట ఈ రెండు రాష్ట్రముల పొలిమేరలో నున్న పట్టణము. మందలకు మాత్రము ఆ పొలిమేర ఎన్నడును అడ్డుగోడ కాలేదు.

మొదట గొర్రెను పరిచయము చేసికొందము. కోస్తాంధ్రమున పేరుపొందినది నెల్లూరు జాతి. భారతదేశపు గొర్రెలలో ఎత్తైనది ఇదియే. కాళ్లు పొడవు, మెడ పొడవు. ఒంటిపై ఉన్ని కాదు, పొట్టి వెండ్రుకలు. రంగును బట్టి దీనిలో మూడు రకములు చెప్పుదురు: తెల్లనిది పల్ల; తెల్లని ఒంటిపై పెదవులు, కన్నులు, దవడల చుట్టు నల్లమచ్చలు గలది జోడిపి; గోధుమవన్నెది దొర. పల్నాటి సీమలోను, కృష్ణకు ఇరుగట్లను గల ప్రాంతములలోను, తెల్లని ఒంటిపై నల్లని లేక గోధుమవన్నె మచ్చలు గల మఱియొక గొర్రె కలదు. దానినే మాచర్ల గొర్రె యందురు. కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ ఇటీవలి సంవత్సరములలో దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించినది. కాపరులు ఎన్నడో ఎఱిగిన భేదమును శాస్త్రము ఇప్పుడు నమోదు చేసినదన్నమాట.

ఈ గొర్రెలు ఉన్నికై పెంచబడునవి కావు. మాంసమునకై, ఎరువునకై పెంచబడునవి. గొంగళి నేయుటకు కావలసిన ముతక ఉన్ని దక్కనీ జాతి నల్లగొర్రెలది. అవి తెలంగాణపు పీఠభూమిలో హెచ్చు. మన మెట్టగొర్రె యొక్క గొప్పదనము వేఱు. వేసవి ఎండలో దినమునకు కొన్ని క్రోసులు నడచి, దొరికిన ఎండుగడ్డిని, రాలిన ఆకును, తుమ్మకాయను తిని కండ పట్టించుకొనగల ఓర్పు దానికి కలదు. దాణా పెట్టి కొట్టములో పెంచు గొర్రెకు ఈ గుణము అక్కరలేదు. నడిపించి మేపు గొర్రెకు ఇదియే ప్రాణము.

మందకు ఒక సంవత్సరచక్రము కలదు. తొలకరి పడగానే గుట్టలు, బీళ్లు పచ్చబడును. చేలలో పైరు ఉన్నంతకాలము జీవాలు ఆ వైపు పోరాదు. కాపరి వాటిని గుట్టలపై, డొంకల వెంబడి, చెఱువు శిఖములలో మేపును. కోతలు మొదలైనప్పటినుండి చేలు ఒక్కొక్కటిగా తెఱచుకొనును. కంది, పెసర, మినుము, జొన్న తీసిన చేలలో రాలిన ఆకు, విరిగిన కాయ, గట్లవెంట గడ్డి దొరకును. మాఘ ఫాల్గుణములు గడచి ఎండలు ముదిరిన పిమ్మట మెట్టలో మేత యుండదు. అపుడు కొందరు మందలను కలిపికొని పల్లపు ప్రాంతములకు, నదీతీరములకు వలసపోవుదురు. తిరిగి వానకాలమునకు ఊరు చేరుదురు. వలసలో వంటపాత్రలు, గొంగళ్లు, నడువలేని పసిపిల్లలను మూయు గంపలు, కాపలాకుక్కలు వెంట నుండును.

ఈ చక్రమునకు ఇరుసు వంటిది మంద పెట్టుట. రాత్రివేళ మందను రైతు చేలో పడుకొనబెట్టుటకే ఆ పేరు. కోత ముగిసిన రైతు కాపరిని కేకవేయును: “బాబాయ్, కంది కోత అయిపోయింది. రేపట్నుంచి మంద మా చేలో పెట్టు.” కాపరి అడుగును: “ఎన్ని రాత్రులు కావాలబ్బాయ్?” ఈ రెండు మాటలతో ఒప్పందము కుదురును. పూర్వము దీనికి ప్రతిఫలము గింజలు, కాపరులకు రాత్రి భోజనము. నేడు రొక్కము. మంద ఎంత పెద్దదో, ఎన్ని రాత్రులు పడుకొనునో దానిని బట్టి వెల యుండును. ప్రతిరాత్రియు మందను చేలో ఒక చోటినుండి మఱియొక చోటికి జరుపుచు పోయినచో, పొలమంతయు సమముగా ఎరువు పడును.

ఈ పద్ధతిలోని లాభమును వ్యవసాయశాస్త్రము చక్కగా వివరించినది. గొర్రె ఎరువులో నూటికి సుమారు 3 పాళ్లు నత్రజని, 1 పాలు భాస్వరము, 2 పాళ్లు పొటాషు ఉండును. ఇది సాధారణపు పశువుల పెంట కంటె ఎంతయో సారవంతము. అంతేకాక, మూత్రము వృథాపోక నేరుగ నేలలో ఇంకును. బండి కట్టి తోలవలసిన పనియు లేదు. అయితే ఒక మెలకువ కావలెను. మంద లేచిపోయిన పిమ్మట చేనిని ఎండలో వదలివేసినచో నత్రజనిలో కొంత ఆవిరియై పోవును. కావున వెంటనే పైపైన దున్నించుట మేలు. ఇంత సారము రైతునకు దక్కుచున్నది. కాపరికి మేతయు, కొంత రొక్కమును దక్కుచున్నవి. ఇరువురిలో ఎవరును ఎవరికిని ఋణపడలేదు. ఊరి ఒప్పందము యొక్క న్యాయము ఇదియే.

మేత గూర్చిన ఒప్పందము చెడినపుడు ఏమగునో తెలుగు చరిత్ర ఎఱుగును. గొల్లసుద్దులలో నేటికిని పాడబడు కాటమరాజు కథకు మూలము మేతయే. కరవు వలన ఆవుల మందలను తోలుకొని నెల్లూరు సీమకు వచ్చిన కాటమరాజునకును, ఆ సీమ నేలిన నల్లసిద్ధికిని పుల్లరి విషయమున తగవు పుట్టి, అది యుద్ధమునకు దారితీసినదని ఆ కథ చెప్పుచున్నది. పుల్లరి యనగా పశువులు మేసినందుకు చెల్లించు పన్ను. ఇది పాత కథ. కొత్త కథ ముక్త్యాలకు ఎదుటిగట్టుననే జరిగినది. అడవిలో పశువులను మేపినందుకు ప్రభుత్వము విధించిన పుల్లరిని చెల్లించమని 1921లో పల్నాటి ప్రజలు నిరాకరించిరి. ఆ సత్యాగ్రహమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులలో ప్రాణము విడిచెను. గడ్డిపోచ కొఱకు ఇంత పోరాటమా యని పట్టణవాసి ఆశ్చర్యపడవచ్చును. కాని పశువుపై బ్రతుకువానికి గడ్డి యనగా జీతము, గడ్డి యనగా పంట.

ఇక ఈ ఒప్పందము ఎక్కడ సడలినదో చూతము. జమీందారీల కాలమున ముక్త్యాల వాసిరెడ్డి వారి సంస్థానము. 1948లో చేయబడిన జమీందారీ రద్దు చట్టముతో, మద్రాసు రాష్ట్రమునందలి జమీలలో ఊరుమ్మడి మేత భూములు ప్రభుత్వ పరమైనవి. కాగితముపై అవి మేత పోరంబోకులుగా, బంజరులుగా నిలిచినవి. కాలక్రమమున కొంత భూమి పేదలకు పంచబడెను. కొంత ఆక్రమణకు లోనయ్యెను. కొంత కట్టడములకు పోయెను. పేదలకు భూమి దొరకుట న్యాయమే. కాని భూమిలేని కాపరి మేపుకొను చోటు తగ్గుచున్నదని ఆ పంపకమున ఎవరును లెక్క వ్రాసికొనలేదు.

పిమ్మట నాగార్జునసాగరము వచ్చినది. నందికొండ వద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదుగారు చేసిన కృషి తెలుగునాట సువిదితము. 1952లో ఖోస్లా సంఘము ఈ ప్రణాళికను పరిశీలించినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలను దాటి క్రమముగా కృష్ణాజిల్లా మెట్టకు చేరినది. రైతునకు ఇది వరము. దీనిని తక్కువచేసి చెప్పుట మా అభిమతము కాదు. అయినను, నీరు వచ్చిన చోట బీడు సాగైనది. ఒక పంట పండు చేలలో రెండవ పంట వచ్చినది. జొన్న, కంది పండిన నేలలో పత్తి, మిరప వచ్చినవి. చేలు తెఱచి యుండు దినములు తగ్గినవి. పురుగుమందు చల్లిన చేలలోనికి మందను తోలుటకు కాపరి జంకవలసి వచ్చినది.

అంతట ఆగలేదు. జగ్గయ్యపేట ప్రాంతమున సున్నపురాయి సమృద్ధిగా నున్నందున సిమెంటు కర్మాగారములు, రాతిగనులు వెలసినవి. నందిగామ ప్రాంతమున కాగితపు మిల్లుల కొఱకు సుబాబుల్ తోటలు విరివిగా పెరిగినవి. హైదరాబాదు - విజయవాడ రహదారి వెడల్పై, వాహనవేగము పెరిగి, మందను దాటించుట ప్రాణగండమైనది. ఎరువుబస్తా దుకాణములో దొరకుచుండగా, కాపరిని పిలిచి మంద పెట్టించు రైతులును తగ్గిరి. ఇందు ఏ ఒక్కటియు గొర్రెలకు హాని చేయవలెనను తలంపుతో జరిగినది కాదు. అన్నియు కలిసి మాత్రము ఒప్పందములోని ఊరివైపు చేతిని నెమ్మదిగా వెనుకకు లాగినవి.

ఇతర దేశములలోను ఈ సమస్య తలయెత్తినది. స్కాట్లండు కొండసీమలలో 18వ శతాబ్ది చివరనుండి 19వ శతాబ్ది మధ్యవరకు విపరీతము జరిగినది. అచట భూస్వాములు పెద్దపెద్ద గొర్రెల క్షేత్రముల కొఱకు చిన్న కౌలుదార్లను ఊళ్లకు ఊళ్లే తొలగించిరి. మన మెట్టలో పైరు గొర్రెను నెట్టినది. అచట గొర్రె మనిషిని నెట్టినది. నెట్టబడినవాడు రెండు చోట్లను భూమి హక్కు లేని పేదవాడే. 1886లో అచటి చిన్నరైతుల చట్టము వచ్చి వారికి భూమిపై భద్రత కలిగించినది. నేటికిని ఆ కొండపల్లెలలో ఉమ్మడి మేతభూములు కలవు. వాటిని ఊరివారు ఎన్నుకొన్న సంఘము నడపును. ఏ కుటుంబము ఎన్ని జీవాలను ఉమ్మడి బీటిపై తోలవచ్చునో లెక్క నిర్ణయమై యుండును. ఆ లెక్క వలన బీడు అరిగిపోదు. చిన్నవాని వంతు పెద్దవాడు మ్రింగడు.

స్పెయిను దేశపు అనుభవము మఱియొక పాఠము నేర్పును. 1273లో ఆ దేశపు రాజు పదవ ఆల్ఫాన్సో గొర్రెల కాపరుల మహాసంఘమునకు అధికారపత్రము ఇచ్చెను. 1836లో ఆ సంఘము రద్దయినది గాని, వలసమందలు నడచిన దారులు మిగిలినవి. 1995లో ఆ దేశము చట్టము చేసి, ఆ దారులను అన్యాక్రాంతము చేయరాని ప్రజల ఆస్తిగా ప్రకటించినది. మన పల్లెలలోను డొంకలు అట్టివే. డొంక ఆక్రమింపబడినచో గుట్టపై మేత యున్నను మంద అక్కడికి చేరలేదు. మేత ఎంత ముఖ్యమో దారియు అంత ముఖ్యము.

ఇప్పుడు కాపరి ఇంటి లెక్క చూతము. ఉదాహరణకు 40 ఆడగొర్రెల మంద యనుకొందము. ఇది వివరణకై వేసిన లెక్క మాత్రమే. గొర్రె చూలు 5 నెలలు. చూలు నిలువనివి, ఈచుకుపోయినవి తీసివేయగా ఏడాదికి 32 పిల్లలు పుట్టినవనుకొందము. అందు నాలుగవవంతు, అనగా 8 పిల్లలు, మూడు నెలలు నిండక ముందే చనిపోయినచో మిగులునవి 24. సగము పొట్టేలుపిల్లలు, ఆ 12టిని అమ్మగా వచ్చు సొమ్మే ఆ ఏటి రాబడి. మిగిలిన 12 ఆడుపిల్లలలో, ముసలివైన గొర్రెల స్థానమున 8 నిలుపవలెను. మంద పెరుగుట నాలుగే. పిల్లల చావు 8 నుండి 4కు తగ్గినచో అమ్మకము 14కును, మంద పెరుగుదల 6కును చేరును. కాని ఒక్క రోగము వచ్చి 10 పెద్దగొర్రెలను తీసికొనిపోయినచో, రెండేండ్ల పెరుగుదల ఒక్క నెలలో తుడిచిపెట్టుకొనిపోవును. కాపరికి లాభము పుట్టుకలో కంటె చావు తగ్గించుటలోనే ఎక్కువ యున్నది.

ఆ చావులలో చాలభాగము నివారింపదగినవే. తొలకరిలో లేతగడ్డిని ఆత్రముగా మేసినపుడు వచ్చు చిటుకరోగము మందలో బలిసిన, పుష్టియైన పిల్లలనే ముందు పట్టును. సాయంకాలము గంతులు వేసిన పిల్ల తెల్లవారునప్పటికి చచ్చిపడియుండును. దీనికి టీకా వానలకు ముందే వేయించవలెను. గడ్డి మొలచిన పిదప వేయించిన కాలము మించును. పారుడురోగము, అనగా పి.పి.ఆర్., భారతదేశమున మొదట 1987లో తమిళనాడులో గుర్తింపబడినది. జ్వరము, నోటిపూత, ముక్కుకారుట, పారుడు దీని లక్షణములు. ఒక్క టీకా కొన్ని సంవత్సరములు కాపాడును. 2030 నాటికి ప్రపంచమునుండి ఈ రోగమును రూపుమాపవలెనని అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి. పశువుల ముసరరోగము 2011లో లోకమునుండి అంతరించిన విషయము తలచుకొన్నచో ఇది అసాధ్యము కాదు.

నీలినాలుక వ్యాధిని ఒక జాతి సన్నదోమలు వ్యాపింపజేయును. వానలు పడి బురద, తడిపెంట ఉన్నచోట ఆ దోమలు పెరుగును. మూతి వాచుట, నాలుక రంగు మారుట, కుంటుట దీని గుఱుతులు. టీకాతోపాటు, రాత్రి మందను మెరకనేలపై ఉంచి, సాయంవేళ వేపాకు పొగ వేయుట సహాయపడును. కాలువ తెచ్చిన వ్యాధి యొకటి కలదు: అది కార్జపు జలగ. దాని బాల్యదశ నత్తలలో గడచును. నత్తలు నిలువనీటిలో నుండును. మెట్టలో కాలువలు, మడుగులు పెరిగినకొలది ఈ జలగయు పెరిగినది. గొర్రె చిక్కిపోయి, దవడక్రింద వాపు దిగినచో అనుమానింపవలెను. మడుగు అంచుల గడ్డి మేపకుండుట, వానకాలమునకు ముందును వెనుకను పశువైద్యుని సలహాపై మందు పోయించుట దీనికి మార్గము.

మెట్టకాపరులు బాగుగా నెఱిగిన ఆపద నాము. జొన్న కోసిన మోళ్లనుండి వచ్చు పిలకలలోను, వాన లేక వాడిన లేతజొన్నలోను ఒక విషము పుట్టును. దానిని మేసిన జీవము నిమిషములలో పడిపోవును. ఆకలిగొన్న మందను జొన్నమోళ్లలోనికి నేరుగా తోలకుండుటయే మొదటి జాగ్రత్త. తగిలినచో పశువైద్యుడు వెంటనే ఇచ్చు సూదిమందు కొన్నిటిని బ్రతికింపవచ్చును. పుట్టిన పిల్లకు మొదటి గంటలలో ముఱ్ఱుపాలు త్రాగించుట, బొడ్డుకు అయొడిను పూయుట, 25 లేక 30 గొర్రెలకు ఒక మంచి విత్తనపు పొట్టేలును ఉంచి రెండేండ్ల కొకమారు దానిని మార్చుట - ఇవి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ గల పనులు.

మేత కొఱతకును ఇచటనే కొన్ని ఉపాయములు కలవు. మన కన్నుల యెదుటనున్న సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు అధికము. కాని అందు మైమోసిన్ అను పదార్థము కలదు. కేవలము దానినే మేపినచో వెండ్రుకలు రాలును, ఆరోగ్యము చెడును. మొత్తము మేతలో మూడవవంతునకు మించకుండ, ఇతర మేతతో కలిపి వేసినచో అది మంచి ఆహారము. తోటలు నఱకునపుడు ఆకు, రెమ్మ వృథాపోకుండ కాపరులకు విడుచుట రైతునకు ఖర్చులేని సాయము. తుమ్మకాయ వేసవిలో బలవర్ధకము. గట్లపై అవిసె వేయుటయు, ఊరి బీటిలో స్టైలో వంటి పప్పుజాతి గడ్డి విత్తనము చల్లి ఒక వానకాలము మేపక విడుచుటయు మేతను పెంచును. అయితే విడిచిన బీడు తిరిగి తమకు దక్కునను నమ్మకము లేనిదే ఏ కాపరియు దానిని విడువడు. కావున మరల ప్రశ్న మొదటికే వచ్చుచున్నది: బీటిపై హక్కు ఎవరిది?

చట్టము ఈ విషయమున పూర్తిగా మౌనముగా లేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిని ఆశ్రయించి జీవించువారికి మేత హక్కును, ఋతువును బట్టి వలసవచ్చు పశుపాలకుల ప్రవేశమును కూడ గుర్తించినది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబునుండి వచ్చిన ఒక వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామమునకు తిరిగి అప్పగించుటకు ఏర్పాట్లు చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. ఈ రెంటిని ఆధారముగా గొని పంచాయతీ తన మేత పోరంబోకును కొలిపించి, హద్దురాళ్లు వేయించి, డొంకలను తెఱపించవచ్చును. దీనికి కోట్ల ధనము అక్కరలేదు. ఊరివారి సమ్మతి కావలెను.

ప్రభుత్వసహాయపు తీరును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. 2021లో సవరింపబడిన జాతీయ పశుసంపద పథకము గొర్రెల క్షేత్రములకు పెట్టుబడిలో సగము రాయితీ ఇచ్చుచు, 500 గొర్రెలు, 25 పొట్టేళ్లు గల పెద్దక్షేత్రమునకు 50 లక్షల రూపాయల వరకు పరిమితి నిర్ణయించినది. పిమ్మట 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల పరిమాణమునుండి అవకాశము కల్పింపబడినది. చదువుకొన్న యువకులు ఈ వృత్తిలో ప్రవేశించుటకు ఇది మంచి దారి. కాని క్షేత్రమునకు స్థలము కావలెను, బ్యాంకు ముందు నిలువగల పెట్టుబడి కావలెను. 40 గొర్రెలు తోలుకొని గుట్ట చుట్టు తిరుగు కాపరికి ఈ రెండును లేవు. అతనికి కావలసినది సకాలమున టీకా, వేసవిలో నీటితొట్టి, మందకు భీమా, మేపుటకు చోటు. కాపరులు సహకారసంఘముగా ఏర్పడి, పొట్టేళ్లను కంటిచూపు బేరమునకు గాక తూకము వేసి అమ్ముకొన్నచో, దళారి చేతిలో పోవు సొమ్ములో కొంత ఇంటికి వచ్చును. పండ్లు చూచి వయసు చెప్పగల కాపరికి, తరాసు చూచి వెల చెప్పుట కష్టము కాదు.

ఈ వృత్తిలో స్త్రీల శ్రమ కనబడనిది. మగవారు మందతో వలసపోయినపుడు ఇల్లు, పసిపిల్లలు, నడువలేని గొర్రెపిల్లలు, రోగపు జీవాలు ఆమె పాలబడును. కొట్టము ఊడ్చునది, పాలులేని పిల్లకు మఱియొక గొర్రె పాలు పట్టించునది ఆమెయే. టీకాల సంగతి, మందు మోతాదు సంగతి ఆమెకు తెలిపినచో ఫలితము అధికము. అట్లే బడికిపోవు పిల్లల సంగతి. తండ్రి వలసపోయిన నెలలలో బిడ్డ చదువు ఆగరాదు. ఊరిలోనే వసతి ఏర్పాటు ఉన్నచో ఆగదు. చదువుకొన్న కొడుకు మంద విడిచిపోవునేమో యని కొందరు వెఱతురు. మేత లేనిచో చదువురాని కొడుకును విడిచియే పోవును. మేత యున్నచో, గన్నవరపు పశువైద్య కళాశాలలో చదివినవాడును మందవద్దకు తిరిగి రావచ్చును.

ఐక్యరాజ్యసమితి 2026ను మేతభూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరముగా ప్రకటించినది. ప్రపంచసభల తీర్మానములు మన గుట్టలపై గడ్డి మొలపింపజాలవు. అది మన ఊళ్లలో జరుగవలసిన పని. పంట తీసిన రైతు ఈ వేసవిలో నాలుగు రాత్రులు తన చేలో మంద పెట్టించవచ్చును. పంచాయతీ తన బీడు ఎంతయో కొలిచి చూచుకొనవచ్చును. కాపరులు వానలకు ముందే పశువైద్యశాలకు కబురుపెట్టి, టీకాలకు దినము నిశ్చయించుకొనవచ్చును. ఈ మూడు పనులలో ఏదియు మఱియొకదానికై వేచియుండనక్కరలేదు. మందను కాచుట కాపరి వంతు. మేతను కాచుట ఊరి వంతు.